కొత్త పిస్టల్ వచ్చిందంటివి కదా, బిడ్డా

హనుమకొండ

బిడ్డా,

మంచిగున్నవా. ఇక్కడ మేమందరం మంచిగనే ఉన్నం. మీ అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గింది, సంక్రాంతి పిండివంటల పని మీద పడ్డది.

మొన్న ఫోన్ల "బాపూ, కొత్త పిస్టల్ ఇచ్చిన్రు, ఇంకా గ్రీజు కూడ తియ్యలే, ఎట్ల చూసుకోవాలె" అని అడిగినవు. ఆలోపే మీ అమ్మ ఫోన్ గుంజుకొని స్వెటర్ సంగతి, అన్నం సంగతి మొదలువెట్టె. ఆ ముచ్చట ఆడికే తెగిపాయె. అయినా ఇది ఫోన్ల చెప్పేది కాదు. రాసి పంపితే నీ ట్రంకుపెట్టెల పడి ఉంటది, మరిచిపోయినప్పుడు తీసి చూసుకుంటవు.

పోలీసు ట్రైనింగ్‌ల మీకు ఇవన్నీ చెప్పే ఉంటరు. కాని అక్కడ ఒక్క ఆయుధాన్ని చాన చేతులు పట్టుకుంటయి, ఎవ్వరిదీ కాదు. ఇప్పుడు నీ పేరు మీద, బట్ నంబరుతోటి, ఒక్కటి నీ నడుముకు వచ్చింది. మామునూరు బెటాలియన్ల ఆర్మరర్‌గ నా సర్వీసంత ఆయుధాలు విప్పుడు, బిగిచ్చుడుతోనే గడిచింది. నా బల్ల మీదికి చెడిపోయి వచ్చిన వాటిల కాల్చి కాల్చి అరిగిపోయినయి తక్కువ. ప్రేమ ఎక్కువై నూనెల ముంచినయి, బీరువాల పెట్టి ఎవ్వరూ తెరిచి చూడనియి, ఇవే ఎక్కువ. అందుకే నీకు నూనె తక్కువ వాడుమని, కన్ను ఎక్కువ పెట్టుమని చెప్పెతందుకే ఈ ఉత్తరం.

నూనె కంటె ముందు ఖాళీ చేసుడు. నీకు తెలుసు, అయినా రాస్త. పిస్టల్ మూతి నేల దిక్కో, ఇసుక బస్తా దిక్కో పెట్టు. ముందు మ్యాగజైన్, అదే తూటాలు నింపే డబ్బా, తియ్యి. ఆ తర్వాతనే స్లైడ్, అంటె మీద ముందుకు వెనుకకు జరిగే ఉక్కు తొడుగు, గుంజు. ఈ వరుస తిరగబడితే ప్రాణాలు పోతయి. మ్యాగజైన్ లోపల ఉండంగ స్లైడ్ గుంజితే, చాంబర్ల, అంటె బ్యారెల్ వెనుక గూటిల, ఉన్న రౌండ్ బయటపడ్తది గని, స్లైడ్ ముందుకు వచ్చుడుతోనే కింది నుంచి ఇంకోటి ఎక్కుతది. ఆ తర్వాత మ్యాగజైన్ తీసి, ఖాళీ అయింది అనుకుంటరు. స్లైడ్ వెనుకకు పట్టి చాంబర్లకు కండ్లతోటి చూడు. వెలుతురు లేకుంటె చిటికెన వేలు పెట్టి తడుము. చూసినంక ఇంకోసారి చూడు. పక్కన ఎవరన్న ఉంటె వాళ్లకు కూడ చూపియ్యి, నవ్వితే నవ్వనియ్యి.

నీకు ఇచ్చింది ఇషాపూర్ ఫ్యాక్టరీల చేసిన 9 ఎంఎం ఆటో అన్నవు కదా. అది 1935ల బెల్జియం వాళ్లు తెచ్చిన బ్రౌనింగ్ హైపవర్ నమూనా. పదమూడు రౌండ్ల మ్యాగజైన్, పిడి పలకలు తప్ప పూరా ఉక్కు, సింగిల్ యాక్షన్, అంటె వెనుకున్న హ్యామర్ ముందే ఎత్తి ఉంటెనే ట్రిగ్గర్‌కు పేలుతది. ఈ నమూనాల ఒక తిరకాసు ఉన్నది. మ్యాగజైన్ లేకుంటె ట్రిగ్గర్ పనిచెయ్యది. దీన్ని నమ్ముకొని "మ్యాగజైన్ తీసిన, ఇగ భయం లేదు" అనేటోళ్లను చాన మందిని చూసిన. చాంబర్ల రౌండ్ ఉన్నదా, మ్యాగజైన్ మళ్ల పెట్టుడుతోనే ఆ ట్రిగ్గర్ బతుకుతది. ఇంకోటి, ఖాళీ చేసినంక హ్యామర్ దించాలంటె ఖాళీ మ్యాగజైన్ పెట్టాల్సి వస్తది. ఆ పెట్టేది నిజంగ ఖాళీదేనా అని చూసి పెట్టు. నిండుది, ఖాళీది రెండూ ఒకే బల్ల మీద పెట్టుకొని పని చెయ్యకు. రౌండ్లు, నిండు మ్యాగజైన్లు ఇంకో అర్రల పెట్టి వచ్చినంకనే పిస్టల్ విప్పు.

ఇగ కొత్తదనం సంగతి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పిస్టల్‌కు లోపల బయట చిక్కటి గ్రీజు పూసి ఉంటది. అది గోదాముల జంగు పట్టకుండ పూసింది, కాల్చెతందుకు పూసింది కాదు. చాన మంది పైపైన తుడిచి, మెరుస్తుంది కదా అని నడుముకు పెట్టుకుంటరు. అట్ల చెయ్యకు. బ్యారెల్ల ఆ గ్రీజు ఉండంగ కాలిస్తే లోపల ఒత్తిడి పెరుగుతది. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద ఉంటె ఖాళీ డొల్ల సరిగ్గ గుంజది. చలికి ఆ గ్రీజు గట్టిపడి, రౌండ్‌ను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ను మందగిస్తది, ట్రిగ్గర్ నొక్కితే 'టిక్' అంటది, పేలది.

విప్పుడు నీకు రావాల్నే: స్లైడ్ వెనుకకు గుంజి, సేఫ్టీ క్యాచ్‌ను ముందటి గాటుల ఇరికిచ్చి, కుడిదిక్కు నుంచి స్లైడ్ స్టాప్ పిన్ను నొక్కి ఎడమదిక్కు తియ్యాలె. ఇగ స్లైడ్‌ను గట్టిగ పట్టుకొని సేఫ్టీ దించి, మెల్లగ ముందుకు జారనియ్యాలె. స్ప్రింగ్, దాని గైడు, బ్యారెల్ బయటికి వస్తయి. నీ పని ఆడిదాకనే. ఫైరింగ్ పిన్ను, ఎక్స్‌ట్రాక్టర్, ట్రిగ్గర్ లోపలి సామాను మీ జిల్లా ఆర్మరర్‌కు వదిలెయ్యి. మొబైల్ల వీడియో చూసి పూరా విప్పుకొని, చిన్న పిన్నులు పోగొట్టుకొని, సామాను రుమాల్ల కట్టుకొని నా దగ్గరికి వచ్చిన పెద్ద పెద్ద ఆఫీసర్లు ఉన్నరు.

గ్రీజు తియ్యెతందుకు క్లీనింగ్ సాల్వెంట్ దొరికితే మంచిదే. దొరకకుంటె గ్యాసునూనె, అదే కిరోసిన్, చాలు. ఒక చిన్న గిన్నెల పోసి, పాత టూత్‌బ్రష్‌తోటి రుద్దు. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగ కూసొని చెయ్యి. గ్యాసునూనె మురికి తీస్తది గని జంగు ఆపది. ఆరినంక ఉక్కు ఉత్తగ మిగులుతది, ఒక్క రాత్రి అట్ల వదిలిపెడితే ఎర్రటి పొడి కనిపిస్తది. అందుకే తుడిచిన వెంటనే నూనె చెయ్యి పెట్టాలె, అంటె పలుచగ నూనె రాయాలె.

బ్యారెల్‌ను ఎప్పుడూ వెనుక నుంచి, అంటె చాంబర్ దిక్కు నుంచే సాఫ్ చెయ్యి. మూతి దిక్కు నుంచి రాడ్ దోస్తే ఆ మూతి అంచు అరుగుతది. బుల్లెట్ బయటికి పొయ్యేటప్పుడు చివరికి తాకేది ఆ అంచునే, అది ఒకదిక్కు అరిగితే గురి పక్కకు పోతది. కాల్చినంక రాడ్‌తోటి దోసే చిందీ ముక్క, అంటె గుడ్డపీలిక, మసితోటి నల్లగ వస్తది, ఇంకోటి పెట్టు, అది తెల్లగ వచ్చేదాక మారుస్తుండు. తెల్లారి మళ్ల ఒకటి దోస్తే ఇంకింత మసి వస్తది, అది మామూలే. అంతా అయినంక బ్యారెల్‌ను వెలుతురు దిక్కు పట్టి లోపలికి చూడు. రైఫ్లింగ్ గాట్లు, అంటె లోపలి మెలిక గీతలు, మెరవాలె, అడ్డం ఏం ఉండొద్దు. చిందీ ముక్క లోపల తెగి మిగిలిపోయి, ఆ సంగతి తెలువక కాలిస్తే బ్యారెల్ ఉంగరం లెక్క ఉబ్బుతది, ఒక్కోసారి పగులుతది కూడ. ఈ చూసే అలవాటు ఒక్కటి పట్టుకో, సాఫ్ చేసుడుల మిగిలింది ఏదన్న మరిచిపోయినా ఫరవాలే.

మా పాత త్రీనాట్‌త్రీ రైఫిళ్ల కాలంల ఫైరింగ్ కాంగనే బ్యారెల్ల మసలే నీళ్లు పోసేది. ఆ రౌండ్ల అడుగున నిప్పు పుట్టిచ్చే క్యాపుల ఉప్పు లాంటిది ఉండేది, అది నూనెకు కరగది, నీళ్లకే కరుగుతది. మొదలు నీళ్లు, తర్వాత ఎండబెట్టుడు, ఆ తర్వాత నూనె. ఇప్పటి 9 ఎంఎం రౌండ్లకు ఆ బాధ లేదు. ఎవరన్న పాతకాలపు హవల్దారు "మసలే నీళ్లు పొయ్యమ్మా" అంటె నవ్వుకుంట "సరే సార్" అను, పొయ్యకు.

ఇప్పుడు నూనె. స్లైడ్ జారే పట్టాల మీద రెండు దిక్కుల తలా ఒక చుక్క. బ్యారెల్ బయటి దిక్కు, మూతి దగ్గర స్లైడ్‌కు రాసుకుపొయ్యే చోట, మీద స్లైడ్‌కు తగులుకునే గాట్ల దగ్గర, పలుచగ వేలితోటి రాసినంత. హ్యామర్ కీలు దగ్గర సూది మొనంత. ఇంతే. బిగిచ్చినంక స్లైడ్‌ను నాలుగైదు సార్లు ఆడిచ్చి, బయటికి ఊరిన నూనె తుడిచెయ్యి. పట్టుకుంటె చేతికి నూనె అంటిందంటె ఎక్కువైనట్టే. తలకు నూనె పెట్టుకున్నట్టు జిడ్డు కారంగ పెట్టకు.

పెట్టకూడని చోట్లు ఇంకా ముఖ్యం. ఫైరింగ్ పిన్ను రంధ్రంల నూనె పొయ్యకు, అక్కడ మసితోటి కలిసి బురద అయితది. మ్యాగజైన్ లోపల పొడిగ ఉండాలె. స్ప్రింగ్‌ను పొడిగుడ్డతోటి తుడిస్తే చాలు. చాంబర్ల నూనె ఉండొద్దు, ఎందుకంటె రౌండ్ పేలినప్పుడు ఇత్తడి డొల్ల ఉబ్బి చాంబర్ గోడను పట్టుకోవాలె. అక్కడ నూనె ఉంటె ఆ పట్టు జారి దెబ్బంత స్లైడ్ మీద పడ్తది. రౌండ్లకు మాత్రం నూనె అస్సలు తగలనియ్యకు, అది క్యాపు అంచుల నుంచి లోపలికి పాకితే మందు చస్తది. బ్యారెల్ లోపల మాత్రం, కాల్చే పని లేక పెట్టి ఉంచినప్పుడు పలుచటి నూనె పొర మంచిదే. కాల్చే ముందు పొడి చిందీతోటి తుడిచెయ్యి.

ఏ నూనె అంటవా. స్టోర్ల ఇచ్చే తుపాకి నూనె ఉంటె అదే. లేకుంటె మిషన్ నూనె, కుట్టుమిషన్‌కు పోసేది, నాలుగు రోజులకు పనికొస్తది. అది పలుచన, తొందరగ ఆరిపోతది, మాటిమాటికి చూసుకోవాలె. ఇంట్ల వంటనూనెలు, పల్లీ నూనె, ఆముదం, ఏదీ వద్దు, కొన్నాళ్లకు గాలి తగిలి జిగురైతయి. కొబ్బరినూనె అయితే నువ్వున్న చోట అస్సలు వద్దు. అది 24 డిగ్రీల కిందికి పోంగనే పేరుకుంటది. మీ ఆసిఫాబాద్, తిర్యాణి దిక్కు ఈ చలికి పొద్దుగాల పది డిగ్రీల లోపలికి పడ్తది. సీసాల గడ్డ కట్టింది స్లైడ్ల కట్టదా? డబ్ల్యూడీ 40 స్ప్రే బండ్ల షాపుల దొరుకుతది, అందరు అదే కొడ్తరు. అది తేమను తరిమెతందుకు తయారుచేసింది. తడిసినప్పుడు నీళ్లు ఎల్లగొట్టను వాడుకో, కాని అదే నూనె అని వదిలిపెట్టకు.

ఎక్కువ నూనె ఎందుకు వద్దంటున్ననో నీకు అక్కడనే కనిపిస్తది. పత్తి ఏరే కాలంల మీ దిక్కు రోడ్ల మీద దూది గాలికి ఎగురుతది, జిన్నింగు మిల్లుల దగ్గర బందోబస్తు పడితే యూనిఫాం మీద తెల్లగ పేరుకుంటది. నూనె కారే పిస్టల్‌కు ఆ దూది అతుక్కొని లోపలికి పోతది. బెల్లంపల్లి, మందమర్రి దిక్కు డ్యూటీకి పోతివా, బొగ్గు పొడి. అది ఇంకా చెడ్డది, నూనెతోటి కలిసి ఉక్కును అరగదీస్తది. ఇగ మేడారం డ్యూటీ నీకు పడ్తదనే అనుకుంటున్న. సమ్మక్క సారలమ్మ జాతరల ఆ ఎర్ర దుమ్ము, దాంట్ల అమ్మవార్లకు మోసుకచ్చే బంగారం, అదే బెల్లం, తొక్కుకొని తొక్కుకొని జిగటైన నేల. ఆ నాలుగు రోజులు పిస్టల్ పొడిగనే ఉంచు. పట్టాల మీద ఆ ఒక్క చుక్క తప్ప ఏం వద్దు. రాత్రి క్యాంపుకు రాంగనే బయటికెల్లి పొడిగుడ్డతోటి తుడువు. జంపన్నవాగుల ఎవరినన్న కాపాడెతందుకు దిగితివనుకో, దిగాల్సి వస్తే దిగుతవు, పిస్టల్ తడిసిందని భయపడకు. బయటికి రాంగనే ఖాళీ చెయ్యి, విప్పు, నీళ్లు దులుపు, ఇసుక ఉంటె మంచినీళ్లతోటి కడుగు, అవును, నీళ్లతోటే, ఇసుక కంటె నీళ్లు నయం. పొడిగుడ్డతోటి తుడిచి ఎండకు ఆరనిచ్చి, పలుచగ నూనె చెయ్యి పెట్టు. తడిసిన రౌండ్లు వేరే పెట్టి లెక్క చెప్పి మార్పిచ్చుకో. తర్వాత వీలు దొరకంగనే ఆర్మరర్‌కు చూపియ్యి.

తోలు హోల్‌స్టర్ అందంగనే ఉంటది. నడుముకు ఉన్నంతసేపే అది. రాత్రికి పిస్టల్ దాంట్ల ఉంచకు. తోలును పదును పెట్టెతందుకు వాడే ఉప్పులు, రసాయనాలు దాంట్ల మిగిలి ఉంటయి. నీ చెమట, వానకాలపు తేమ అది గుంజుకొని ఉక్కుకు ఆనిస్తది. స్లైడ్ మీద హోల్‌స్టర్ కుట్లు ఏడ తాకుతయో ఆడనే జంగు మచ్చలు వస్తయి. తోలు పౌచ్‌ల చాన రోజులు ఉంచిన ఇత్తడి రౌండ్లకు ఆకుపచ్చ చిలుము పడ్తది. వేలిముద్రలు కూడ చిన్నయి కావు. కొందరి చెమట ఎంత కారమంటె, వాళ్లు పట్టుకున్న చోటు తెల్లారేసరికి తెలిసిపొయ్యేది. మీ తాత చెమట అసుంటిదే, ఆయన గడియారం బెల్టులు ఎన్ని తిన్నదో మీ అమ్మనడుగు. డ్యూటీ నుంచి రాంగనే, కాల్చకపోయినా, నూనె చెయ్యి తగిలిన గుడ్డతోటి బయటంత ఒక్కసారి తుడువు. ఆ నలుపు బ్లూయింగ్ కానీ, ఫాస్ఫేట్ కానీ, చాన పలుచటి పూత. జంగు చుక్క కనపడిందని ఇసుక కాయితం, ఇటుక పొడి పట్టుకోకు. నూనె చుక్క వేసి కొద్దిసేపు నానబెట్టి, మెత్తటి గుడ్డతోటి రుద్దు. పోకుంటె ఆర్మరర్ చూసుకుంటడు.

రాత్రి స్టేషన్ల జమ చేసే వీలుంటె జమ చెయ్యి. సెలవు మీద ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం వీలు గీలు అనకు, జీడీల, అంటె స్టేషన్ జనరల్ డైరీల, ఎంట్రీ రాపిచ్చి, జమ చేసే రా. బస్సుల అది నడుముకు పెట్టుకొని పండుగకు రావద్దు. క్వార్టర్ల ఉంచుకునుడు తప్పని రోజుల్ల ఇనుప బీరువాల, ఖాళీగ, మ్యాగజైన్ వేరే, రౌండ్లు ఇంకో తాళం కింద. తాళంచెవి తలగడ కింద కాదు. మీ అక్క కొడుకు వేసవి సెలవులకు నీ దగ్గరికి వస్తనని ఎగురుతున్నడు. వానికి ఎనిమిదేండ్లు, వాడు ఎక్కని అల్మారా లేదు, తియ్యని డబ్బా లేదు. "పిన్ని తుపాకి చూపియ్యి" అని తప్పక అడుగుతడు. చూపియ్యకు. దాచిన చోటు కూడ వానికి తెలువొద్దు. వాడున్నన్ని రోజులు స్టేషన్లనే పెట్టిరా.

బీరువాల సిలికా జెల్ పొట్లాలు పెట్టు. నీలం రంగు గింజలయితే తేమ తాగినంక గులాబి రంగుకు తిరుగుతయి, అప్పుడు పెనం మీద సన్నటి మంటకు వేడి చేస్తే మళ్ల నీలం అయితయి. ఆ పెనం మళ్ల రొట్టెలకు వాడొద్దు, వేరేది పెట్టుకో. పిస్టల్‌ను గుడ్డల చుట్టి పెట్టకు, ప్లాస్టిక్ సంచిల కట్టి అస్సలు పెట్టకు, తేమ లోపలనే ఉండిపోతది. మూతి తెరిచి పెట్టిన ఆయుధంల కుమ్మరి పురుగు మట్టి తెచ్చి గూడు కడ్తది. అడవి ఊర్ల నుంచి పట్టుకచ్చిన భర్మార్ల, అంటె నాటు తుపాకుల, గొట్టాలల్ల ఆ గూళ్లు చాన తీసిన. బీరువాల ఉన్నదానికి ఆ బాధ లేదనుకో. కాని దూలానికి తగిలిచ్చిన దాన్ని ఎవరన్న "ఇది పనిచేస్తదా మేడం" అని చేతికిస్తే, గొట్టంల చూడకుండ ఏం చెయ్యకు.

స్ప్రింగుల ముచ్చట ఒకటి. నిండు మ్యాగజైన్ అట్లనే ఉంచితే స్ప్రింగ్ చస్తదని అందరు అంటరు. నా లెక్కల, నింపుడు తీసుడు, నింపుడు తీసుడుతోనే అది ఎక్కువ అలుస్తది. ఒత్తి పెట్టినంత మాత్రాన అంత తొందరగ చావది. రెండు మ్యాగజైన్లు ఇస్తే వాటికి ఒకటి, రెండు అని గుర్తు పెట్టు, ఫైరింగ్ల ఏది ఇరికిందో రాసుకో. ఇరుకుడు ఎప్పుడూ ఒకే మ్యాగజైన్‌తోటి వస్తే తప్పు పిస్టల్‌ది కాదు. ఎన్ని రౌండ్లు కాల్చినవో కూడ రాయి. డొల్లలు ఎప్పుడూ పడే చోటు కంటె మెల్లమెల్లగ దూరం ఎగిరిపడుతున్నయంటె, రీకాయిల్ స్ప్రింగ్, అదే స్లైడ్‌ను మళ్ల ముందుకు తోసేది, ఎట్లున్నదో చూపియ్యాలె.

దసరాకు ఆయుధపూజల నీ పిస్టల్ కూడ పెడ్తరు. బొట్టు పెట్టాలంటె పిడి మీది ప్లాస్టిక్‌కు పెట్టు. స్లైడ్ మీద పసుపు, కుంకుమ చల్లనియ్యకు, ఆ పొడి సందులల్లకు పోయి తేమ పట్టుకుంటది. నిమ్మకాయ పక్కకు కూడ రానియ్యకు, దాని పులుపు పూతను తింటది. పూజ అయినంక జమ్మికి పోయే తొందరల అట్లనే మరిచిపోతరు, ఆ రోజే తుడువు. దుర్గమ్మకు కోపం రాదు, నేను అడిగి చూసిన.

పని అయినంక చేతులు సబ్బుతోటి మోచేతుల దాక కడుక్కో. కాల్చినంక వచ్చే మసిల సీసం ఉంటది. ఆ చేతితోటి అన్నం ముట్టకు, నోట్ల పెన్ను పెట్టుకునే నీ అలవాటు ఆ పూటకన్న మానెయ్యి.

ఆర్టీసీ కార్గోల రేపు డబ్బా వేస్తున్న. సకినాలు, గరిజెలు మీ అమ్మవి. కింద ఇంకో సంచిల పాత బనీన్లు చింపిన గుడ్డలు, రెండు టూత్‌బ్రష్‌లు, ఒక నైలాన్ బ్రష్, మిషన్ నూనె చిన్న సీసా నావి. నూనె సీసా మూతకు టేపు చుట్టిన, అయినా సకినాల సంచిని ముందు బయటికి తీసి పెట్టు. అవి స్టేషన్ల అందరికి పంచు, కాని నీకు నాలుగు దాచుకొని పంచు, లేకుంటె మీ అమ్మ ఫోన్ల నన్ను అడుగుతది.

మీ బాపు